కొల్లేరు వాళ్లు ఓడిపోయిన పందెం

నన్ను వేదిక మీదకు పిలిచేటప్పుడు మైకు పట్టుకున్నవాళ్లు చెప్పే మాట ఒకటుంది. "కొల్లేరు వాళ్లను కొల్లేరులోనే ఓడించిన పిల్లల గురువు" అంటారు. తాడేపల్లిగూడెంలో అన్నారు, ఏలూరులో అన్నారు, ఒకసారి ముదినేపల్లిలో ఆటల పోటీలకు ముఖ్య అతిథిగా వెళ్తే అక్కడా అన్నారు. నేను శాలువా సర్దుకుని తల వంచేవాణ్ణి. తల వంచితే చూసేవాళ్లకు అది వినయంలా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. ఉద్యోగం మానేశాక ఈ మధ్య కాస్త తీరిక దొరికింది. క్రీడల నిర్వహణ చదువుతున్న పిల్లలకు ఆ పందెం సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలనిపించింది.

ఆ రోజుల్లో డిగ్రీల్లో కొత్త కొత్త కోర్సులు పుట్టుకొస్తున్నాయి. నేను ఏలూరులో ఒక కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. అంటే మెడలో విజిల్, చేతిలో మైదానంలో గీతలు వేసే సున్నం డబ్బా. గూడెంలో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు రిక్రియేషన్, స్పోర్ట్ మేనేజ్‌మెంట్ అని మూడేళ్ల డిగ్రీ పెట్టి, దానికి నన్ను అధిపతిగా రమ్మన్నారు. లెక్చరర్ అనే పిలుపు కోసం వెళ్లాను. జీతం కూడా కొంచెం ఎక్కువే, కానీ పిలుపే ముఖ్యం. ఊళ్లో మాత్రం దాన్ని ఆటల డిగ్రీ అనేవారు. కొడుకును చేర్పించడానికి వచ్చిన ఒక రైసుమిల్లు గుమాస్తా వివరాలన్నీ శ్రద్ధగా విని, "ఆడుకోడానికి మూడేళ్లు ఎందుకండీ, మావాడికి ఆల్రెడీ వచ్చండి" అన్నాడు. చేర్చకుండానే తీసుకుపోయాడు.

పాఠ్యపుస్తకాలు ఎక్కడో చలిదేశంలో రాసినవి. మంచుగడ్డ మీద స్కేటింగ్ చేసే మైదానాన్ని ఎలా చూసుకోవాలి, ఆ మంచు ఎంత మందం ఉండాలి అన్నది ఒక పెద్ద ప్రశ్న. ఏప్రిల్ ఎండలో, కరెంటు పోయిన హాల్లో, జవాబు కాగితం మీద చెమట చుక్కలు పడుతుంటే మా పిల్లలు ఆ మంచు గురించి చక్కగా రాసేవాళ్లు. మార్కులు కూడా బాగానే వచ్చేవి. నేను నవ్వేవాణ్ణి కాదు, ఎందుకంటే నాకూ ఆ పుస్తకాలు తప్ప వేరే ఏమీ తెలియదు.

మూడో ఏడాది పిల్లలు ఒక కార్యక్రమాన్ని సొంతంగా నడిపించాలి. ఎక్కువ బ్యాచ్‌లు కబడ్డీ పోటీలు పెట్టి గట్టెక్కేసేవి. నేను చెప్పబోయే బ్యాచ్‌కు వచ్చేసరికి చేరేవాళ్లు తగ్గిపోయారు. కోర్సు ఉంచాలో తీసేయాలో చూసి చెప్పడానికి యూనివర్సిటీ నుంచి కమిటీ వస్తుందన్నారు. "వాళ్లకి చెప్పుకోడానికి ఏదైనా గట్టిది కావాలండీ" అని ప్రిన్సిపాల్ గారు నాతో రెండు మూడుసార్లు అన్నారు. కోర్సు పోతే నేను మళ్లీ సున్నం డబ్బా దగ్గరికి వెళ్లాలి.

అప్పుడు ఒక ఏలూరు కుర్రాడు లేచి, "పుస్తకంలో పడవల రేవు గురించి ఉంది కదా సార్. మనకి మంచు లేదు గానీ నీళ్లున్నాయి" అన్నాడు.

అతని ఇంట్లో తివాచీలు నేస్తారు. తండ్రి, తాత, మేనమామలు అందరూ మగ్గం దగ్గరే పెరిగారు. ఇతను కూడా చిన్నప్పటి నుంచి సెలవుల్లో మగ్గం మీద కూర్చున్నవాడే. భుజాలు గట్టివి, మాట మెత్తన. రోజూ ప్యాసింజర్‌లో ఏలూరు నుంచి గూడెం వచ్చేవాడు. కొల్లేరులో చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టేసిన కొత్తల్లో సంగతి ఇది. అంతకుముందు గట్లతో ముక్కలు ముక్కలుగా ఉన్న చోట నీళ్లు ఒక్కటిగా పరుచుకుని ఉన్నాయి. చెరువుల మీద పని పోయిన లంక గ్రామాల వాళ్లకు తీరిక ఎక్కువైంది. అక్కడ దోనెల పందెం పెడదామన్నాడు. ఊరివాళ్ల దోనె ఒకటి, మన పిల్లల దోనె ఒకటి. దోనెకు ఇద్దరు చొప్పున కూర్చుని తెడ్డు వేయాలి. నాకు నచ్చింది. కమిటీకి తప్పక నచ్చుతుంది.

ఆ సెమిస్టరంతా ఆదివారాలు పిల్లల్ని తీసుకుని కొల్లేటికి వెళ్లాను. నేర్పింది ఊరివాళ్లే. ఇద్దరు అన్నదమ్ములు మా పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుని, వాళ్ల చేతుల మీద చేతులు వేసి తెడ్డు పట్టించారు. నేను గట్టు మీద స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడి, అరటిపళ్లు, గ్లూకోజు నీళ్లు పంచాను. మా ఏలూరు కుర్రాడు త్వరగా అందుకున్నాడు. అతని వెనక కూర్చున్న నల్లజర్ల కుర్రాడు లయ మాత్రం తప్పకుండా అతని వెంటే తెడ్డు వేసేవాడు.

పందెం రోజున ఊరంతా గట్టు మీదకు వచ్చింది. లైఫ్ జాకెట్లు అందరికీ తెచ్చాం. ఊరి దోనె ఎక్కాల్సిన ఆ అన్నదమ్ములు ఫొటో కోసం వేసుకుని, ఫొటో అయ్యాక తీసి మడిచి జాగ్రత్తగా మాకే ఇచ్చేశారు. జెండా ఊపాను. సగం దాకా రెండు దోనెలూ పక్కపక్కనే వచ్చాయి. చివర్లో మా దోనె కొద్దిగా ముందుకు జరిగింది, అలాగే ముందుండి గెలిచింది. పిల్లలు మొలలోతు నీళ్లలోకి దూకి మా కుర్రాణ్ణి ఎత్తుకున్నారు. అన్నదమ్ములు నవ్వుతూ వచ్చి అతని వీపు తట్టారు. "గట్టోడివయ్యా" అన్నాడు పెద్దవాడు.

తర్వాత ఊరి పెద్ద ఇంటి ముందు పందిట్లో భోజనాలు. గెలిచినవాళ్లకు ముందు వడ్డించారు. బడ్జెట్ పాఠాలు చెప్పే మేడమ్ ఒకరు మాతో వచ్చారు. ఆవిడ నా పక్కన కూర్చుని పులుసు కలుపుకుంటూ, "మన పిల్లలు పందెం గెలిచారంటారా సార్, గెలుపు కూడా వీళ్లే మనకి వడ్డించారంటారా?" అని మెల్లిగా అన్నారు.

"మీరు ఆడినవారు కాదు కదా మేడమ్, మీకు ఆ తేడా తెలీదు" అన్నాను.

"అంతేనేమో అండీ" అని ఆవిడ పులుసు వైపు తిరిగారు.

అప్పుడే గట్టు మీద నుంచి ఎవరో కేక వేశారు. గాలి తిరిగి, గుర్రపుడెక్క పెద్ద తెప్పలా కట్టుకుని వలల మీదకు వస్తోంది. అది వలల్లో పడితే కర్రలతో సహా లాక్కుపోతుంది. ఓడిన అన్నదమ్ములిద్దరూ విస్తళ్ల ముందు నుంచి లేచి, చేతులు కూడా కడుక్కోకుండా అదే దోనెలోకి దిగారు. నేను కూర్చున్న చోటి నుంచి నీళ్లు బాగా కనిపిస్తున్నాయి. ఎదురుగాలిలో, అడ్డం వచ్చే ఆకుల్ని తప్పుకుంటూ వాళ్లు వెళ్లిన వేగం చూసి నా చేయి అన్నంలోనే ఆగిపోయింది. పందెంలో వాళ్లు వచ్చిన వేగం దాంట్లో సగం కూడా లేదు. పిల్లలు గోల గోలగా తింటున్నారు. వాళ్లెవరూ అటు చూడలేదు. మేడమ్ మజ్జిగ కోసం అటు తిరిగి ఉన్నారు.

చూసింది నేను, నేను చూడటాన్ని చూసింది ఊరి పెద్ద.

ఆయన వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. "చూశారా మాస్టారూ?" అన్నాడు.

"చూశానండి."

"పిల్లలకి చెప్పకండి. ఇంటికొచ్చినోళ్లని ఓడగొట్టి, రండి అన్నం తినండి అంటే ఏం బాగుంటదండీ? ముద్ద దిగుద్దా? మా ఊళ్లో ఎప్పుడూ అంతేనండి. బయటూరి నుంచి ఆడటానికొస్తే వాళ్లదే పైచెయ్యి. మర్నాటి నుంచి మాలో మేం కొట్టుకుంటాం."

నేను నవ్వాను. చెప్పనని మాటిచ్చాను. అక్కడితో ఆగి ఉంటే అది ఒక మంచి భోజనం, ఒక మంచి జ్ఞాపకం అయ్యేది. ఆ మాట ఇవ్వడంలో తప్పేమీ లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

గూడెం వచ్చి కమిటీకి నివేదిక రాయడం మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ ఒక చోట, శాస్త్రీయమైన శిక్షణ, ఆహారం, నిర్వహణ ఉంటే తరతరాల అలవాటును ఒక్క సెమిస్టర్‌లో దాటవచ్చు అని రాశాను. వాక్యం బాగా వచ్చిందనిపించింది. ప్రిన్సిపాల్ గారు దాన్ని చదివి గట్టిగా ఊపిరి తీసుకుని, "ఇది చాలండీ" అన్నారు. పేపర్ల వాళ్లకు కూడా అదే చెప్పారు. జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. మధ్యలో మా కుర్రాడు, పక్కన నేను.

పరీక్షలు దగ్గరకొచ్చిన రోజుల్లో ఒక సాయంత్రం అతను మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నల్లజర్ల వైపు హాస్టల్ స్కూల్లో ఆటల మాస్టారి ఉద్యోగం ఇస్తామన్నారు సార్. తిండి, గది వాళ్లదే. ఎల్లుండిలోగా చేరతానో లేదో చెప్పమన్నారు."

"మంచిదే కదయ్యా."

"హైదరాబాదులో పడవల పోటీలకి రాష్ట్ర జట్టు సెలక్షన్ ఉందంట సార్. చేరగానే సెలవంటే స్కూలు వాళ్లు ఇవ్వరు. ఏదో ఒకటే." అన్నాడు. "సెలక్ట్ అయితే ముందు ముందు స్పోర్ట్స్ కోటాలో పెద్ద ఉద్యోగమే రావచ్చు. మా నాన్నని అడిగాను. మగ్గం మీద నుంచి లేచినవాడివి నువ్వొక్కడివే, ఎటెళ్లాలో మాకేం తెలుసు, మీ సార్‌ని అడుగు అన్నారు."

అతను నా ముఖంలోకి చూశాడు.

"నిజంగా నాలో అంత ఉందంటారా సార్? మీరు చూశారు కదా."

కమిటీ వచ్చేది ఆ మరుసటి వారం. అతన్ని వాళ్ల ముందు మాట్లాడించాలని అప్పటికే అనుకున్నాం. ఉన్న సంగతి చెబితే ఆ కుర్రాడు ఎలాగూ అబద్ధం ఆడలేడు, వాళ్ల ముందు నిలబడి తడబడతాడు. ఇదంతా అప్పుడు ఇంత విడివిడిగా ఆలోచించానని చెప్పను. ఒక్క క్షణంలో అంతా ఉంది.

"కొల్లేరు వాళ్లమీద గెలిచావు కదా. ఇంకేం కావాలి?" అన్నాను.

అతని ముఖం తేటపడింది. "అంతే కదండీ" అని నమస్కారం పెట్టి వెళ్లాడు. నేను చెప్పిన రెండు ముక్కల్లో మొదటిది చాలామంది కళ్లతో చూసిందే. అందుకే దాన్ని చెప్పడం నాకు తేలికైంది.

కమిటీ వచ్చింది. అతను నిలబడి పందెం ఎలా ఏర్పాటు చేశామో, ప్రమాదాలు రాకుండా ఏం చేశామో, ఊరివాళ్లను ఎలా కలుపుకున్నామో ఇంగ్లీషులో చెప్పాడు. బాగా చెప్పాడు. కమిటీలో ఒక పెద్దమనిషి, "ఇలాంటి కుర్రాణ్ణి తయారుచేసిన కోర్సుని ఎవరు తీసేస్తారండీ" అన్నారు. తీసేయలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు నడిచింది, నేను దాని మీదే బతికాను.

సెలక్షన్‌కు అతనితో నేను కూడా వెళ్లాను. తోడుగా వెళ్తున్నానని చెప్పాను గానీ, అసలు ఎందుకు వెళ్లానో నాకు తెలియదు. అక్కడి పడవలు సన్నగా, తేలిగ్గా ఉంటాయి. కూర్చోగానే ఊగుతాయి. అయినా అతను పడిపోలేదు, దాన్ని కాసేపట్లోనే నిలబెట్టుకున్నాడు. విజిల్ వేశాక మాత్రం మిగతావాళ్లు ముందుకు పోతూనే ఉన్నారు, అతను అక్కడే తెడ్డు వేస్తున్నట్టు కనిపించాడు. అందరూ దిగి తువ్వాళ్లతో తుడుచుకుంటున్నప్పుడు అతను గట్టుకు చేరాడు. సెలక్షన్ చేసే ఆయన కోప్పడలేదు. "ఎన్నాళ్లు ప్రాక్టీసు బాబూ?" అని మాత్రం అడిగాడు. తిరిగొచ్చే రైల్లో అతను కిటికీ దగ్గర కూర్చున్నాడు. విజయవాడ దాటాక, "మావాళ్లకి ఏం చెప్పాలి సార్?" అన్నాడు. అలవాటు లేని పడవ కదా, అదే చెప్పు అన్నాను.

నల్లజర్ల స్కూల్లో అప్పటికే వేరేవాణ్ణి తీసుకున్నారు. అతను ఏలూరు వెళ్లి మళ్లీ మగ్గం మీద కూర్చున్నాడని, తండ్రి ఎవరితోనూ మాట్లాడటం లేదని అతని స్నేహితుల ద్వారా తెలిసింది. వెళ్లి చూడాలనుకున్నాను. కొత్త బ్యాచ్ అడ్మిషన్లు నడుస్తున్నాయి. కమిటీ మాట బాగా పనిచేసి ఆ ఏడు పిల్లలు ఎక్కువమంది చేరారు.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం కొల్లేటి ఊరి పెద్ద కాలేజీకి వచ్చాడు. చేతిలో తడి గోనెసంచి, అందులో కొరమేనులు కదులుతున్నాయి. అటెండరు లోపలికి రానివ్వకపోతే నేనే బయటకు వెళ్లాను.

"ఆ ఏలూరు కుర్రాడి ఇల్లు ఎక్కడో చెప్తారా మాస్టారూ?" అన్నాడు.

"ఏమైందండీ?"

"మొన్న మా ఊరొచ్చాడండి. ఒక్కడే. మావాళ్లిద్దర్నీ మళ్లీ పందానికి రమ్మన్నాడు. ఎందుకయ్యా, అప్పుడు గెలిచావుగా అన్నాం. నేను మీ ఇంటికొచ్చినవాణ్ణి అనుకోకండి, మీ దగ్గర కూలికొచ్చినవాణ్ణి అనుకోండి, నా మొహం చూడకుండా వెయ్యండి అన్నాడండి. అట్టాగే వేశారు. మా కుర్రోణ్ణి ఒకణ్ణి అతని వెనకాల కూర్చోబెట్టాం. అయినా అతనొచ్చేసరికి మావాళ్లు బీడీ ముట్టించుకుని కూర్చున్నారండి."

నేను చెట్టు నీడలోకి జరిగాను. ఆయన కూడా జరిగాడు.

"అప్పుడు చెప్పాడండి, ఉద్యోగం వదిలేసుకున్నానని. మాకేం తెలుసండీ ఆ పందెం మీద ఇంతుందని? తెలిస్తే మేమే గెలిచేసేవాళ్లం." గోనెసంచి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "మర్యాద చేద్దామని అతని కూడు తీసేశామండి. వాళ్ల నాన్నగారికి నేను కనపడాలి. తప్పైపోయిందని చెప్పుకోవాలి. మీరు కూడా వస్తే బాగుంటదండి. నాకు వాళ్ల ఇళ్లల్లో ఎట్టా మాట్లాడాలో తెలీదు."

"నాకు క్లాసుందండి" అన్నాను.

ఆ మధ్యాహ్నం నాకు క్లాసు లేదు. కాగితం మీద వీధి పేరు రాసి ఇచ్చి, ఏలూరులో ఏ స్టాపులో దిగాలో చెప్పాను.

ఆయన కాగితం జేబులో పెట్టుకున్నాడు గానీ కదల్లేదు. "ఇంకోటి మాస్టారూ. మా సార్‌కి ఈ సంగతి తెలుసా అని అడిగాడండి ఆ అబ్బాయి."

"మీరేమన్నారు?"

"తెలీదన్నాను. మీరు అన్నం తింటన్నారు, అటు చూళ్లేదన్నాను. ఎంతైనా చదువు చెప్పినోళ్లు కదండీ. మామీద నమ్మకం పోతే పోయింది, మీ మీద కూడా పోకూడదు."

"మంచి పని చేశారు" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి ఎంత త్వరగా వచ్చిందో నాకు బాగా గుర్తుంది. ఆయన సంతోషించి, సంచిలోంచి ఒక చేపను నాకిమ్మని అటెండరుకు ఇచ్చి, బస్టాండు వైపు వెళ్లిపోయాడు. ఏలూరులో ఏం జరిగిందో తర్వాత విన్నాను. కుర్రాడి తండ్రి ఆయన్ని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, "పెద్దవారు, మీరు రావడమేంటండీ" అన్నారట. మధ్యాహ్నం భోజనం చేసి గాని కదలనివ్వలేదట.

ఆ కుర్రాడు ఇప్పుడు నడివయసువాడు. ఏలూరులో షామియానాలు, కుర్చీలు, మైకు సెట్లు అద్దెకిస్తాడు. పెళ్లిళ్లూ, పోటీలూ దగ్గరుండి నడిపిస్తాడు. ఒక్క కుర్చీ అటూ ఇటూ కానివ్వడని పేరు. మేం చెప్పిన చదువు నిజంగా వాడుకున్నవాడు మా విద్యార్థుల్లో అతనొక్కడే అనుకుంటాను. కనపడినప్పుడల్లా నాకు ఫ్యాను కింద కుర్చీ వేయిస్తాడు. ఎవరైనా అడిగితే, "అప్పుడు మా సార్‌కి కూడా తెలీదండీ, పాపం ఆయన కూడా మోసపోయారు" అని చెబుతాడని నాకు తెలుసు. నా ముందే ఒకసారి అన్నాడు. నేను కాదనలేదు.

కొల్లేటి పెద్దాయన కిందటేడు పోయారు. ఆయన మర్యాదగా ఆడిన అబద్ధం ఇప్పుడు నాకొక్కడికే తెలుసు.

ఇది నీ చేతికి వస్తుందని నాకు తెలుసు, అందుకే రాశాను. ఆ రోజు విస్తరి ముందు కూర్చుని నేను అటే చూశాను. నువ్వు మా గుమ్మంలో నిలబడి అడిగినప్పుడు నాకు అంతా తెలుసు.